రెండు పుష్కరాల బండి

కారులో నలుగురు వెళ్తారు. వ్యాన్‌లో ఇల్లు ఇల్లంతా కదులుతుంది. ఒకప్పుడు మారుతీ వ్యాన్ కొనుక్కున్న ఉమ్మడి కుటుంబాలన్నిటికీ తెలిసిన సంగతే ఇది. తెనాలిలో ఓ మాస్టారింటి ముందు పాతికేళ్లుగా నిలబడి ఉన్న వ్యాన్ ఇప్పుడు ఆ ఇంటికో చిక్కు తెచ్చిపెట్టింది. ఉంచుకోవాలా... సాగనంపాలా?

పొద్దున్నే ఆరు దాటుతుంది. వీధిలో 'జర్ర్‌ర్...'మని ఓ చప్పుడు. మాస్టారు తన వ్యాన్ పక్క తలుపు జరిపారన్నమాట! ఆ చప్పుడు విని గడియారం సరిచూసుకునేవాళ్లు కూడా ఉన్నారక్కడ.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. డెబ్బై దాటాయి. రోజూ ఓ బకెట్ నీళ్లు, పాత పంచె ముక్క పట్టుకుని వచ్చి అద్దాలు తుడుస్తారు. సీటు ఎత్తి ఆయిల్ చూస్తారు. కాసేపు ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తారు. ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా సరే! 'మనిషికి నడకలాంటిదే బండికి ఇదీ' అంటారు.

ఆ వ్యాన్ 2001 దసరాకి ఇంటికొచ్చింది. 2026 దసరాకి పాతికేళ్లు. ఆ దగ్గర్లోనే రిజిస్ట్రేషన్ గడువూ తీరిపోతుంది. మరుసటి ఏడాది, అంటే 2027లో గోదావరి పుష్కరాలు. 2003లోనూ 2015లోనూ ఇల్లంతా ఈ వ్యాన్‌లోనే పుష్కర స్నానానికి వెళ్లింది. మూడోసారీ ఇందులోనే వెళ్దామన్నది మాస్టారి కోరిక. 'పిల్లల్ని మాత్రం అందులో ఎక్కించను నాన్నా' అన్నది పెద్దకొడుకు మాట. రెండిటిలోనూ ప్రేమే ఉంది. అందుకే చిక్కు!

ఎనిమిది మంది... ఎనిమిది సీట్లు

అసలు వ్యాన్ కొనాలన్న ఆలోచన లెక్కలోంచే పుట్టింది. అప్పట్లో ఆ ఇంట్లో ఎనిమిది మంది. మాస్టారు, ఆయన భార్య, తల్లి, ఎరువుల దుకాణం నడిపే తమ్ముడు, మరదలు, మాస్టారి ఇద్దరు కొడుకులు, తమ్ముడి కూతురు. పెళ్లికెళ్లాలంటే సగంమంది బస్సులో, సగంమంది రైల్లో. ఒకళ్లు భోజనాల వేళకి చేరితే ఇంకొకళ్లు అప్పగింతల వేళకి!

కారు కొందామంటే మారుతీ 800లో నలుగురు పడతారు, ఇరుక్కుంటే అయిదుగురు. 2000లో వచ్చిన టయోటా క్వాలిస్‌లో అందరూ పడతారుగానీ దాని ధర ఇద్దరన్నదమ్ములకూ అందేది కాదు. మిగిలింది వ్యాన్. అన్నీ కలిపి రెండు లక్షల పైచిలుకు. కొంత బ్యాంకు అప్పు, కొంత దుకాణం డబ్బు, తక్కువైనదానికి మాస్టారి భార్య రెండుపేటల గొలుసు తాకట్టు. గొలుసు మూడేళ్లకి తిరిగొచ్చింది. వ్యాన్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మనదేశంలో అలాంటి ఇళ్లు అప్పటికే ఎన్నో ఉన్నాయి. మారుతీ 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. మరుసటి ఏడాదే, 1984లో, దాని ఇంజిన్‌తోనే వ్యాన్ వచ్చింది. జపాన్‌లో సుజుకీ సంస్థ అమ్మే 'క్యారీ' దీనికి మూలం. మొదట్లో పేరు ఒట్టి 'మారుతీ వ్యాన్'. 'ఓమ్నీ' అన్న పేరు 1988లో చేరింది. పేరు మారినా జనం నోట్లో అది వ్యాన్‌గానే మిగిలింది. బడి పిల్లల్ని దింపినా, అంబులెన్స్‌గా మారినా, కూరగాయల బుట్టలు మోసినా, సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోయినా అదే వ్యాన్!

బానెట్ ఏదండీ?

కొత్తలో చూడ్డానికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న... 'ఇంజినెక్కడుంది?' అని. ముందు బానెట్ ఉండదు. వెనక డిక్కీలో సామాన్లు. మాస్టారు ముందుసీటు పైకెత్తి చూపించేవారు. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్ సీట్ల కింద ఒద్దికగా కూర్చుని ఉండేది. తిప్పేది వెనక చక్రాల్ని.

బండి మొత్తం పొడవు మూడుమీటర్ల ముప్పావుకన్నా తక్కువ. అంత చిన్న జాగాలో ఎనిమిది మందిని కూర్చోబెట్టగలగడానికి కారణం ఈ అమరికే. ముందు ఇంజిన్‌కి చోటు వదలక్కర్లేదు కాబట్టి ఆ చోటంతా మనుషులకే. వెనక సీట్లు ఎదురెదురుగా ఉండేవి. ఒకరి మోకాళ్లు ఇంకొకరికి తగులుతూ... మధ్యలో పులిహోర గిన్నె పెట్టుకుని... పేకాట, అంత్యాక్షరి, అలకలు, బుజ్జగింపులు అన్నీ అక్కడే. వీధి ఎంత ఇరుకైనా పక్కకి జరిగే తలుపు కాబట్టి అరుగుని ఆనించి ఆపినా దిగొచ్చు. ఒంగలేని పెద్దవాళ్లు కూడా సులువుగా ఎక్కేవారు.

కష్టాలూ తక్కువేం కాదు. మే నెలలో సీటు కిందనుంచి వచ్చే వేడికి తడితువ్వాలు పరుచుకుని కూర్చోవాల్సిందే. నానమ్మకి మాత్రం డిసెంబరులో ఆ ముందుసీటే కావాలి! ఏసీ లేదు. పవర్ స్టీరింగ్ లేదు. హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్తే బండి ఓసారి అటు ఊగి ఇటొచ్చేది. ఖాళీగా ఉన్నప్పుడు బురదలో వెనక చక్రాలు గిర్రున తిరిగేవి... అందరూ దిగి నెట్టడం కూడా ప్రయాణంలో భాగమే.

తిరుమల ఘాట్‌రోడ్డు మీద పైకి కనీసం 28 నిమిషాలు పట్టాలి, కిందికి 40 నిమిషాలు పట్టాలి అని నిబంధన ఉంది. అతివేగాన్ని అరికట్టడానికి పెట్టింది. ఎక్కేటప్పుడు ఆ నిబంధనని మాస్టారి వ్యాన్ ఒక్కసారి కూడా అతిక్రమించలేదు. ఎనిమిది మందితో అతిక్రమించే ఓపిక దానికుంటే కదా!

నిడదవోలు మీదుగా కొవ్వూరు

2003 జులై చివర్లో మొదలైన గోదావరి పుష్కరాలకి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరారు. విజయవాడ, ఏలూరు దాటి తాడేపల్లిగూడెం దగ్గర హైవే వదిలేసి నిడదవోలు మీదుగా కొవ్వూరు. హైవేని నాలుగు వరుసలు చేస్తున్న రోజులవి. ఓ చోట కొత్తరోడ్డు, ఓ చోట గుంతలు. గోష్పాద క్షేత్రంలో స్నానాలు చేసి, పిండప్రదానాలు పూర్తిచేసి, వ్యాన్ పక్క తలుపు తీసి గట్టు మీదే భోజనాలు. నానమ్మ తడిచీర తలుపుకి ఆరేసింది. ఆ ఏడాది ఊళ్లో ఎవరు కనిపించినా 'మా వ్యాన్‌లో వెళ్లాం' అని చెప్పిందట. స్నానం సంగతి ఆ తర్వాతే!

2004 కృష్ణా పుష్కరాలకీ ఇదే బండి. అది ఇంటి పక్కనే కాబట్టి చుట్టాల్ని దింపడానికి రోజుకి మూడు ట్రిప్పులు.

అయితే ఆ ఇంట్లో వ్యాన్‌కి మనిషితో సమానమైన చోటు దక్కింది పుష్కరాల వల్ల కాదు. 2008లో ఓ అర్ధరాత్రి నానమ్మకి మాట పడిపోయింది. కుడిచెయ్యి లేవలేదు. ఆ వేళప్పుడు అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా మాస్టారు, తమ్ముడు ఆమెని మంచం మీదనుంచే ఎత్తుకొచ్చారు. పక్క తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది కాబట్టి పడుకోబెట్టడం సులువైంది. కోడలి ఒళ్లో తల, చిన్నకోడలి ఒళ్లో కాళ్లు. గుంటూరు ఆస్పత్రికి చేరేదాకా మాస్టారు వెనక్కి తిరిగి చూడలేదు. 'సరైన వేళకి తెచ్చారు' అన్నారు డాక్టర్లు. ఆ తర్వాత ఆమె నాలుగేళ్లు బతికింది. నెమ్మదిగా, చేతికర్రతోనైనా, నడిచింది కూడా.

ఇక ఆ వ్యాన్ని అమ్మేద్దామని ఆ ఇంట్లో ఎవరంటారు?

నోట్‌బుక్ ఏం చెబుతోంది?

మాస్టారి దగ్గర అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటుంది. పాతికేళ్ల జమాఖర్చులన్నీ అందులోనే. వ్యాన్ తిరిగింది లక్షా అరవై వేల కిలోమీటర్ల పైమాట. మార్చినవి ఏడు బ్యాటరీలు, మూడు క్లచ్ ప్లేట్లు, నాలుగు సెట్ల టైర్లు. 'టైమింగ్ బెల్టు - తెగకముందే మార్చాం' అన్న మాట కింద ఎర్రసిరాతో రెండు గీతలు. రోడ్డు మీద తెగితే ప్రయాణం అక్కడితో ఆగిపోతుందని మెకానిక్ మొదట్లోనే హెచ్చరించాడు మరి.

ఆ పుస్తకం తిరగేస్తే ఎక్కువసార్లు కనిపించే శత్రువు ఇంజిన్ కాదు... తుప్పు! పక్క తలుపు జరిగే పట్టాలో దుమ్ము చేరుతుంది, వాననీళ్లు నిలుస్తాయి. దాని కిందా, చక్రాల పైనా రేకు మెల్లగా తినేస్తుంది. పైన పెయింటు బాగానే ఉంటుంది, లోపల రేకు పొడి అయిపోతుంది. మూడుసార్లు టింకరింగ్ చేయించారు. తలుపు పట్టాకి నెలకోసారి కొవ్వొత్తి రుద్దడం మాస్టారి భార్య కనిపెట్టిన చిట్కా. వెనక కమాన్ కట్టలు ఓసారి మార్చారు. రేడియేటర్ నుంచి ఇంజిన్ దాకా వెళ్లే నీళ్ల పైపుల్ని రెండేళ్లకోసారి చూపించడం అలవాటు.

పెట్రోలు ఖాతా ఇంకో కథ. కొన్నప్పుడు లీటరు ముప్ఫై రూపాయల ప్రాంతంలో ఉండేది. ఇప్పుడు వంద దాటింది. ఊళ్లో తిరిగితే లీటరుకి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఒక్కరే వెళ్తే దండగ. ఎనిమిది మంది వెళ్తే బస్సుకన్నా చవక. మాస్టారి సూత్రం అదే... 'వ్యాన్ మైలేజీని కిలోమీటర్లతో లెక్కపెట్టకూడదు, మనుషులతో లెక్కపెట్టాలి'.

ఈమధ్య ఆ ఖాతాలో కొత్త చిక్కొకటి చేరింది. 2025 నుంచి దేశమంతటా బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దాన్ని తట్టుకునే విడిభాగాలతో బళ్లు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచే. 2001 నాటి రబ్బరు పైపులూ, సీళ్లూ దానికోసం చేసినవి కావు. సీటు కిందే ఇంజిన్ ఉండే బండిలో పెట్రోలు పైపు చెమర్చిందంటే తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అందుకే ఆ పైపులన్నీ కొత్తవి వేయించారు.

జానెడు దూరం

పెద్దకొడుకు మనసు మారింది మాత్రం ఖర్చుల వల్ల కాదు. 2018 సంక్రాంతికి అతను హైదరాబాద్ నుంచి వచ్చాడు. కనుమ మర్నాడు విజయవాడలో చుట్టాల్ని చూసి తిరిగొస్తున్నారు. డ్రైవింగ్ సీట్లో మాస్టారు, పక్కన పెద్దకొడుకు, అతని ఒళ్లో నాలుగేళ్ల కూతురు. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి బ్రేకేసింది. మాస్టారు గట్టిగా తొక్కారు. వ్యాన్ కీచుమంటూ వెళ్లి లారీకి జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ ఇల్లు చేరేదాకా ఒక్కరూ మాట్లాడలేదు.

మర్నాడు పెద్దకొడుకు టేపు తెచ్చి కొలిచాడు. బంపర్ అంచు నుంచి డ్రైవర్ మోకాళ్లదాకా ఎంతుందో చూశాడు. ఏం చెప్పకుండా టేపు తండ్రి చేతికిచ్చాడు. ఆయన లెక్కల మాస్టారు... విడమరిచి చెప్పక్కర్లేదు.

మామూలు కారుకి ముందు బానెట్ ఉంటుంది. ఢీకొన్నప్పుడు ఆ భాగం నలిగి, దెబ్బ తాలూకు జోరుని చాలావరకూ తానే తీసుకుంటుంది. లోపలివాళ్లకి కాస్త రక్షణ. వ్యాన్‌లో డ్రైవర్ కూర్చునేదే ముందు చక్రాల మీద. నలగడానికి మధ్యలో ఏమీ ఉండదు. ఇన్నాళ్లూ ఎనిమిది మందికి చోటిచ్చిన అమరికే ఇక్కడ లోపమైంది. దీనికితోడు వెనక సీట్లకి బెల్టుల్లేవు. ఎయిర్‌బ్యాగ్ అన్న మాటే ఆ బండి పుట్టినప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఎవరూ విని ఉండరు.

ఆ సంగతి ప్రభుత్వమూ గుర్తించింది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, వేగం మితిమీరితే హెచ్చరిక లాంటివి 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరయ్యాయి. అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లు కూడా ఆ ఏడాది అక్టోబరు నుంచి ఢీకొట్టే పరీక్షల్లో నెగ్గాలన్నారు. ముప్ఫై అయిదేళ్ల పాత రూపంతో ఆ పరీక్షలకి నిలబడటం ఓమ్నీ వల్ల కాలేదు. 2019లోనే దాని తయారీ ఆగిపోయింది.

ఆ వార్త చదివిన రోజు మాస్టారు నోట్‌బుక్‌లో నాలుగు నియమాలు రాసుకున్నారు. హైవే ఎక్కించకూడదు. చీకటి పడ్డాక తీయకూడదు. ముందుసీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. నలభై దాటకూడదు. ఇన్నేళ్లుగా ఒక్కటీ తప్పలేదు. అలా వ్యాన్ రైతుబజారుకీ, గుడికీ, రైల్వేస్టేషన్‌కీ పరిమితమైపోయింది.

పదివేల కాగితం

సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువల్. మాస్టారి వ్యాన్ 2016లో ఓసారి, 2021లో ఓసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి నెగ్గింది. రెండోసారి 'ఇంత శుభ్రంగా ఎలా ఉంచారండీ' అని ఆయన అడిగితే మాస్టారికి పొంగిపోయినంత పనైంది.

అప్పట్లో రెన్యువల్ ఫీజు ఆరొందలే. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి అయిదువేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో పదివేలు చేశారు. దానికి గ్రీన్ ట్యాక్సు, బీమా, ఇన్‌స్పెక్టర్ ముందుకెళ్లేలోపు చేయించాల్సిన టింకరింగ్ అదనం. 'బండి అమ్మితే వచ్చేదానికన్నా ఉంచుకోవడానికయ్యేదే ఎక్కువ' అని తేల్చేశాడు చిన్నకొడుకు.

కొనేవాళ్లు లేక కాదు. 'మాస్టారి బండి' అంటే కళ్లకద్దుకుని తీసుకెళ్లేవాళ్లున్నారు. ఒకతను బడి పిల్లల్ని దింపడానికి కావాలని వచ్చాడు. మాస్టారు కాసేపు ఆలోచించి వద్దన్నారు. 'నా మనవరాల్ని ఎక్కించడానికి భయపడే బండిలో ఊళ్లో పిల్లల్ని ఎలా ఎక్కించమంటావు?' అని.

ఆ మాట అన్నాక ఆయనకే అర్థమైంది, నిర్ణయం అయిపోయిందని.

చివరి లెక్క

అయినా పుష్కరాల సంగతి ఆయన్ని వదల్లేదు. 2015 మహాపుష్కరాలకి వెళ్లినప్పుడు నానమ్మ లేదు. ఆమె కూర్చునే చోట పెద్దకోడలు, ఆమె ఒళ్లో ఏడాది మనవరాలు. అదే కొవ్వూరు, అదే రేవు. ఈసారి పిండప్రదానం నానమ్మకీ చేశారు. తిరిగొచ్చేటప్పుడు 'వచ్చే పుష్కరాలకీ ఇందులోనే' అన్నారు మాస్టారు. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నానని బాధ.

చిక్కుముడి విప్పింది ఆయన భార్యే. ఓ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది. 'మనం గొలుసు తాకట్టు పెట్టి కొనుక్కున్నది వ్యానాండీ... అందరం కలిసెళ్లడమా?'

మాస్టారు సమాధానం చెప్పలేదు. నోట్‌బుక్ తీసి వరసగా రాయడం మొదలెట్టారు. తామిద్దరు. తమ్ముడు, మరదలు... నలుగురు. పెద్దకొడుకు, కోడలు, మనవరాలు, మనవడు... ఎనిమిది. చిన్నకొడుకు, కోడలు, వాళ్ల పాప... పదకొండు. తమ్ముడి కూతురు, అల్లుడు, వాళ్ల బాబు... పద్నాలుగు! ఆయన కలం ఆగిపోయింది. వ్యాన్‌కి ఓపిక ఉన్నా, కాగితాలున్నా, హైవే భయం లేకపోయినా... ఆ ఇల్లు ఎప్పుడో ఆ బండిని దాటిపోయింది. పాతికేళ్లుగా ఎనిమిది దగ్గరే ఆగిపోయింది తన లెక్కే!

రిజిస్ట్రేషన్ గడువు తీరేలోగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికి వ్యాన్ని అప్పగించాలని తీర్మానించారు. అందాకా రోజూ తుడవడం మానరు. ఈ ఆదివారం పిల్లలందరూ వస్తే వీధి చివరిదాకా ఒక రౌండు, అదీ నడిచే వేగంతో, తిప్పుతానని మాటిచ్చారు.

నోట్‌బుక్‌లో చివరి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. కానీ పక్కన కొత్త పుస్తకం ఒకటి చేరింది. దానికీ అట్ట వేశారు. మొదటి పేజీలో ఒకే వాక్యం... 'పుష్కరాలు, 2027. కొవ్వూరు. సీట్లు 14, డ్రైవర్ కాక. అన్నిటికీ బెల్టులుండాలి.'

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే...

* రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో ఆర్సీలో చూసుకోండి. గడువు దాటిన బండితో రోడ్డెక్కడం నేరం. రెన్యువల్‌కి ముందే మెకానిక్‌కి చూపించి బ్రేకులు, లైట్లు, పొగ సరిచేయించుకోండి.

* పైన పెయింటు చూసి మోసపోవద్దు. బండిని పైకెత్తించి అడుగు రేకు, తలుపుల కింది అంచులు, సీటుబెల్టులు బిగించిన చోట్లు చూడండి. తుప్పు అక్కడ చేరితే టింకరింగ్‌తో పోయేది కాదు.

* పెట్రోలు పైపులు, సీళ్లు ఏళ్లతరబడి మార్చకపోతే మార్పించండి. బండిలో పెట్రోలు వాసన వస్తే ఆ రోజుకి ప్రయాణం మానేయండి. ఖర్చు కలిసొస్తుందని వంటగ్యాస్ సిలిండర్ బిగించడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా.

* అమ్మితే ఆర్సీలో పేరు మారేదాకా వదలొద్దు. పేరు మారకుండా బండి చేతులు మారితే, రేపు ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత రికార్డుల్లో ఉన్న యజమాని మీదే పడుతుంది.

* స్క్రాప్‌కి ఇచ్చేటట్టయితే గుర్తింపు పొందిన కేంద్రానికే ఇవ్వండి. వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ జాగ్రత్త చేసుకోండి. కొత్త బండి కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు లాంటివి దానితోనే దక్కుతాయి.